అమెరికా బండికి నేను కట్టిన లెక్క

అమెరికా కార్ల మీద నా అభిప్రాయం మొదటినుంచీ ఒకటే. సరుకు కన్నా సంచి బరువెక్కువ. పన్నెండేళ్ళు రైసుమిల్లులో కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు అలాగే తోస్తుంది. క్వింటాలు వడ్లు పట్టే గోనెసంచి కిలోకు అటూ ఇటూగా తూగేది. బహ్రెయిన్‌లో మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఇంటి ముందు నిలబడే అమెరికా వ్యాగన్ బరువు రెండు టన్నులకు కాస్త తక్కువ. దాని పుస్తకంలో పౌండ్లలో ఉంటే నేనే కిలోల్లోకి మార్చి చూశాను. చాలా రోజులు అందులో ఎక్కేది డ్రైవరు ఒక్కడే, అరవై అయిదు కిలోల మనిషి. అంటే కిలో సరుకుకు ముప్పై కిలోల సంచి.

ఈ మాట అన్నప్పుడల్లా ఆ డ్రైవరు నవ్వేవాడు.

"నీకు మనిషి గూడ వడ్లబస్తానే అన్నా. బస్తాకు నడుము నొస్తదా? మనిషికి నొస్తది. అందుకే అమెరికావోడు సీటు ఏస్తలేడు, సోఫా ఏస్తుండు."

అతనిది జగిత్యాల దగ్గర చిన్న ఊరు. మా ఊరికీ వాళ్ళ ఊరికీ బస్సులో గంట దూరం. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ముస్లిం, వాళ్ళింట్లో ఉర్దూ, మాతో మా తెలుగు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. ఇద్దరికీ కఫీల్ ఒక్కడే, మేం పెద్దాయన అనేవాళ్ళం. జింజ్‌లో ఆయనకు పైపులు, నల్లాలు అమ్మే దుకాణం ఉండేది. అందులో స్టాకు చూసుకోవడం నా పని. బుదైయాలో ఆయన ఇల్లు. ఆ ఇంటి బండి నడపడం భాయ్ పని. ఊళ్ళో ఉన్నప్పుడు భాయ్ లారీ క్లీనరు. పదిహేనేళ్ళు లారీల్లో తిరిగినా స్టీరింగు చేతికి ఇచ్చినవాడు లేడట. డ్రైవింగ్ నేర్చుకున్నది, లైసెన్సు తీసుకున్నది, మొదటిసారి ఒక బండిని 'నాది' అన్నది, అన్నీ బహ్రెయిన్‌లోనే. అందులోనూ ఈ వ్యాగన్‌తోనే.

బండి నిజంగానే చూడదగ్గది. ముందు బానెటే ఒక మంచమంత. పక్కల చెక్కలాగా కనపడే స్టిక్కరు. గేరు కర్ర స్టీరింగు కిందే ఉండేది. అన్నిటికన్నా వెనక వెనక్కి తిరిగి కూర్చునే సీటు ఒకటి ఉండేది. అందులో పెద్దాయన మనవలు కూర్చుని వెనకొచ్చే బండ్లకు చేతులూపేవాళ్ళు. ఏసీ సంగతి నేను కూడా ఒప్పుకుంటాను. ఆగస్టులో మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టిన బండి, బయలుదేరిన నాలుగు నిమిషాలకు చల్లబడేది. గడియారం పెట్టి చూశాను. దుకాణంలో ఉన్న జపాన్ పికప్‌కు పదకొండు పట్టేది.

ఈ వ్యాగన్ అంతకుముందు ఒక అమెరికావాడిది. అక్కడ పని ముగిసి వెళ్ళిపోతూ మా పెద్దాయనకు అమ్మాడు. డ్యాష్‌బోర్డు పెట్టెలో బండి పుస్తకంతో పాటు అమెరికా రోడ్ల పటాల పుస్తకం ఒకటి వదిలేశాడు. భాయ్‌కి అదే గ్రంథం. శుక్రవారం నమాజు అయ్యాక దాన్ని చంకలో పెట్టుకుని జింజ్‌లో దుకాణం మీది మా గదికి వచ్చేవాడు. చాప మీద పరిచి ఒక్కో రాష్ట్రం చూసేవాళ్ళం. అతనికి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. నాకు అంకెలుంటే చాలు.

ఆ రోడ్ల నంబర్లలో ఒక వరస ఉందని కనిపెట్టింది నేనే. పెద్ద రోడ్లలో సరిసంఖ్యలవి తూర్పు పడమరలుగా పోతాయి, బేసిసంఖ్యలవి ఉత్తర దక్షిణాలుగా. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఎవరూ చెప్పకుండా పటం చూసి ఆ వరస పట్టుకున్నందుకు ఆ వారమంతా హుషారుగా తిరిగాను. ఏ పేరూ తెలియని మనిషి కూడా రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే దేశం దాటగలడు. ఇది మాత్రం అమెరికావాళ్ళ గొప్పతనమే.

ఊళ్ళు మాత్రం నాకు నచ్చలేదు. పటంలో ఒక్కో పెద్ద ఊరిని విడిగా పెద్దది చేసి వేశారు. దారం పెట్టి కొలిచి, కింద ఇచ్చిన మైళ్ళ స్కేలు ప్రకారం లెక్కగట్టి, ఒకటీ పాయింట్ ఆరుతో గుణించి కిలోమీటర్లు చేసేవాణ్ణి. ఒక ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి మా బహ్రెయిన్ ద్వీపం పొడుగు కన్నా ఎక్కువొచ్చింది.

"గిదేం ఊరు భాయ్? పాలప్యాకెట్ తేవాల్నంటే కారు తియ్యాలె. కారు లేనోడు ఏం గావాలె?"

"కారు లేనోడు అక్కడ ఉండనే ఉండడన్నా."

"ఉంటడు. ఊరన్నాక కాళ్ళమీద నడిచేటోడు ఉండకుంట ఉంటడా? గీ పటంల ఆనికి జాగ లేదు, గంతే."

"నువ్వు మల్ల కాటా పెడుతున్నవ్. జర రోడ్డు చూడు. రోడ్డు చూస్తే ఆకలి గాదు."

అతని వేలు ఒక రోడ్డు మీద పశ్చిమానికి పోతూ ఉండేది. ఆ రోడ్డు మీద ఆ వ్యాగన్ నడపాలని కాదు. అతనికి అలాంటి ఆశేమీ లేదు. ఈ బండి ఎటువంటి నేలమీద పుట్టిందో తెలుసుకోవాలని. మనం గుర్రాన్ని కొని ఇంటి గేటు లోపల తిప్పుతున్నామని అంటుండేవాడు.

గొడవ మొదలైంది పెద్దాయన కొడుకు వల్ల. కొడుక్కి కొత్త జపాన్ జీపు కావాలి. తనే నడుపుకుంటాడు. ఇంటికి రెండు పెద్ద బండ్లెందుకు, వ్యాగన్ పెట్రోలు నీళ్ళలా తాగుతోందని తండ్రితో అన్నాడు. అక్కడ పెట్రోలు చవకే. కానీ మా పెద్దాయన నల్లాల వ్యాపారి. ఎక్కడైనా నల్లా బొట్టుబొట్టుగా కారుతుంటే ఆ గదిలో కూర్చోలేడు. తాగడం అన్న మాట ఆయనకు పట్టుకుంది. ఆయనకు వ్యాగన్ మీద ఇష్టం ఉంది, కొడుకు మీదా ఉంది. ఎటూ తేల్చుకోలేక ఒకరోజు దుకాణంలో నన్ను పిలిచాడు. హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడేవాడు.

"నీ లెక్క తప్పదు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో చూసి చెప్పు. అయిదు దాటితే ఉంచుతాను. దాటకపోతే ఖలాస్."

బండి పోతే భాయ్ కూడా పోతాడని ఆయన అనలేదు. అననక్కరలేదు. డ్రైవరు వీసా బండితో ముడిపడి ఉంది. అది రద్దయితే ఊరికి టికెట్టు, ఊళ్ళో మళ్ళీ లారీ పక్కన తలుపు పట్టుకుని నిలబడటం. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో.

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. నా పద్ధతి నాది. జింజ్‌లోని పెట్రోలు బంకులో గొంతుదాకా నింపించాను. పంపు నంబరు రాసుకున్నాను. తిరిగొచ్చాక అదే పంపు, అదే చోట, బండి అదే వాలులో నిలబడాలి. టైర్లలో గాలి చూపించాను. మీటరు అంకె రాసుకున్నాను. ముందు ముహర్రక్, అక్కడినుంచి బుదైయా, పడమటి రోడ్డు పట్టుకుని దక్షిణానికి, మధ్యరోడ్డు మీదుగా వెనక్కి జింజ్. ద్వీపానికి ఒక ప్రదక్షిణ. ఒక్కో చోట ఆగి ఆ మజిలీకి మీటరు ఎంత తిరిగిందో రాసుకుంటూ పోయాను. అయిదు, పద్నాలుగు, ఇరవై, ఇరవై రెండు.

భాయ్ ఆ రోజు నడిపినట్టు ఎవరూ నడిపి ఉండరు. గుడ్లబుట్ట నెత్తిన పెట్టుకున్నవాడిలా నడిపాడు. ఏసీ ఆపేస్తానన్నాడు.

"వద్దు. ఇంట్ల నడిపేటప్పుడు ఏసీ ఉంటదా లేదా? ఉంటే ఉండాలె."

"నువ్వు నా దిక్కున్నవా, బండి దిక్కున్నవా?"

"లెక్క దిక్కున్న."

దక్షిణాన ఖాళీ రోడ్డు మీద అతని మొహం కాస్త తేటపడింది. అటూ ఇటూ ఇసుక, దూరంగా చమురు బావుల తల ఊపుళ్ళు. "గిదే అన్నా అమెరికా. గిట్లనే ఉంటది," అన్నాడు. చూసినట్టే చెప్పాడు. నేనూ కాదనలేదు. బండి కింద రోడ్డు ఉన్నట్టే తెలియడం లేదు. నాలో నేను ఒప్పుకున్నాను, ఈ పొడుగు రోడ్డు మీద ఈ బరువుకు ఒక అర్థం ఉందని. పైకి అనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ తెలియదు.

జింజ్‌కు వచ్చాం. అదే పంపు. గొంతుదాకా నింపడానికి పద్నాలుగున్నర లీటర్లు పట్టింది. మీటరు మొత్తం అరవై ఒకటి తిరిగింది.

భాయ్ మీటరు వంక చూస్తూ ఉండిపోయాడు. "గింత తిరిగితే అర్వయొక్కటేనా అన్నా? పొద్దు గూక వచ్చింది. అసర్ నమాజుకు ముందుగాల పోయినం."

"గల్ఫుకొచ్చి నువ్వు చూసింది గీ ద్వీపమే గదా. గిది చెయ్యంత ఉంది. నీకు గా పటం చూసీచూసీ అన్నీ పొడుగ్గ కనబడుతున్నయ్."

ఈ మాట నేను నవ్వుతూ అన్నాను. అతను నవ్వలేదు.

అరవై ఒకటిని పద్నాలుగున్నరతో భాగిస్తే నాలుగూ పాయింట్ రెండు. రెండుసార్లు చేశాను. తర్వాత తిరగేసి గుణించి చూశాను. నాలుగూ పాయింట్ రెండే.

గదికి వచ్చాక అతను చాప మీద నా ఎదురుగా కూర్చున్నాడు. కాగితం నా ముందుంది.

"అయిదు రాయన్నా."

"నాలుగూ పాయింట్ రెండు వచ్చింది భాయ్."

"ఎవలకు తెలుస్తది? నువ్వు, నేను, గా పంపు కాడ ఉన్న బంగ్లాదేశోడు. ఆనికి యాది గూడ ఉండదు. అయిదు రాయి. అయిదుంబావు అంటలేను. ఉత్త అయిదు."

"నేను కాటల రాయి పెట్టను."

"కాట కాదన్నా గిది. నా బతుకు."

నేను రాయలేదు. మిల్లులో తూకానికి వచ్చే రైతులు కాటా వంక కాదు, నా మొహం వంక చూసేవాళ్ళు. ఆ పన్నెండేళ్ళూ నేను ఒక్క బస్తా తక్కువ చెప్పలేదు, ఎక్కువ చెప్పలేదు. నాకున్న ఒకే చదువు అది. అతని కోసం ఆ చదువును పాడుచేసుకోలేనని అనుకున్నాను. అనుకున్నప్పుడు నాకు నేను కాస్త పెద్దవాడిగా కూడా కనబడ్డాను. అది దాచను.

మర్నాడు కాగితం పెద్దాయనకు ఇచ్చాను. రెండు వారాల్లో వ్యాగన్‌ను సముద్రం మీది వంతెన దాటి సౌదీ నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కుపోయాడు. తాళంచెవులు ఇచ్చేటప్పుడు భాయ్ బండిని కడిగి తుడిచి ఇచ్చాడట. వీసా రద్దుకు పాస్‌పోర్టు వెళ్ళింది. నాతో మాట్లాడటం మానలేదు అతను. అదే కష్టంగా ఉండేది. శుక్రవారం వచ్చి చాప మీద కూర్చుని, పటాల పుస్తకం తెరవకుండా వెళ్ళిపోయేవాడు.

అతని ప్రయాణానికి మూడు రోజుల ముందు ముహర్రక్‌లో విమానాల సరుకు దిగే చోట మా దుకాణం పెట్టెలు వచ్చాయి. మలయాళీ డ్రైవరుతో పికప్‌లో వెళ్ళాను. నాకు బండెక్కితే మీటరు చూసే అలవాటు. జింజ్ నుంచి ముహర్రక్ ఎనిమిది. పట్టించుకోలేదు. అక్కడినుంచి బుదైయాలో పెద్దాయన ఇంటికి రెండు నల్లాల పెట్టెలు ఇవ్వాలి. గేటు ముందు ఆగాక చూస్తే ఇరవై రెండున్నర.

నా కాగితంలో అయిదు, పద్నాలుగు.

ఎక్కడో దారి తప్పామా అని డ్రైవరును అడిగాను. లేదన్నాడు. రోజూ వచ్చే దారే. గేటు ముందు బండి దిగకుండా, అట్టపెట్టె మీద పెన్నుతో వేశాను. ఎనిమిదిని అయిదుతో భాగిస్తే ఒకటీ పాయింట్ ఆరు. ఇరవై రెండున్నరను పద్నాలుగుతో భాగిస్తే ఒకటీ పాయింట్ ఆరు.

ఆ అంకెను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. నా చిన్నప్పుడు మా ఊరి రోడ్డు మీద మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు పాతారు. అప్పుడు మొదటిసారి విన్నాను. మొన్నమొన్నటిదాకా ప్రతి శుక్రవారం దారం పెట్టి కొలిచి గుణించింది దానితోనే. అమెరికా ఊళ్ళన్నిటినీ దానితో గుణించాను. అమెరికా బండిని మాత్రం గుణించలేదు.

మీటరు మీద కిలోమీటర్లని స్పష్టంగా రాసి ఉంది. నేను చూశాను. మర్నాడు పొద్దున వ్యాగన్‌ను చూసే పాత గ్యారేజీకి వెళ్ళి మెకానిక్‌ను అడిగితే తేలిగ్గా చెప్పాడు. ఆ బండి అమెరికా నుంచి నేరుగా వచ్చింది. ఇక్కడి తనిఖీ కోసం మీటరు పైరేకు మార్చి కిలోమీటర్ల అంకెల మొహం బిగించారు. ముల్లు దానికి తగ్గట్టు సరిచేశారు. కింద తిరిగే అంకెల చక్రాల జోలికి పోలేదు. అవి మైళ్ళే తిరుగుతున్నాయి. అలాంటివి చాలా బండ్లకు చేశామన్నాడు.

పేరు చూసి తూకం నమ్మాను. కాటా దగ్గర కూర్చునేవాడు పొద్దున్నే చేసే మొదటి పని, తెలిసిన బరువు ఒకటి పెట్టి చూడటం. జింజ్ నుంచి ముహర్రక్‌కు ఎంతో తెలుసుకుని బయలుదేరితే సరిపోయేది. చెయ్యలేదు. ద్వీపం చిన్నదని నాకు ముందే తెలుసు, అమెరికా బండి తాగుబోతని ముందే తెలుసు. వచ్చిన అంకె రెండిటికీ సరిపోయింది. ఇక పరీక్ష ఎందుకు?

గ్యారేజీ నుంచి నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. దుకాణం వెనక గదిలో టీ తాగుతున్నాడు. తప్పు నాదని చెప్పి, కొత్త కాగితం పెట్టాను. ఆరూ పాయింట్ ఏడు. ఆయన కాగితం రెండుసార్లు చదివాడు.

"మంచి బండి," అన్నాడు. "కానీ వంతెన దాటింది. నా కొడుకు జీపు వచ్చింది. ఇప్పుడేం చేస్తావ్? ఖలాస్."

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. గ్లాసు కింద పెట్టి, భాయ్ గురించి మాట ఒకటి అన్నాడు: "వాడు ఏమీ అనలేదే?"

అన్నాడు. గింత తిరిగితే అర్వయొక్కటేనా అని నన్ను అడిగాడు. నేను నవ్వాను. ఆ మాట పెద్దాయనకు చెప్పలేకపోయాను.

సాయంత్రం బుదైయా వెళ్ళాను. డ్రైవరు గది ఇంటి వెనక. భాయ్ అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. మోకాలు పెట్టెమీద పెట్టి, పళ్ళతో ముడి లాగుతున్నాడు. నిలబడే చెప్పాను. మీటరు మొహం, చక్రాలు, మైళ్ళు, ఎనిమిదీ అయిదూ. ఎక్కువసేపు పట్టలేదు చెప్పడానికి.

తాడు వదిలేశాడు.

"ఎంత వచ్చింది అసలు?"

"ఆరూ పాయింట్ ఏడు."

ముందు నవ్వాడు. నిజంగానే నవ్వాడు, పళ్ళన్నీ కనబడేలా. "నేను చెప్పలే? చెప్పలే అన్నా నేను? ఏసీతోటి ఆరున్నర మీద! నీ జపాన్ డబ్బాకు చెప్పుపో." పెట్టెమీద చేత్తో కొట్టాడు. తర్వాత ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. కిందికి చూస్తూ అన్నాడు, "అయిదు రాయమన్న. రాయకపోతివి. అబద్ధం రాసినా నిజానికి జర దగ్గరుంటుండె."

ఆ తేడా కూడా లెక్కవేశాను, బస్సులో తిరిగి వచ్చేటప్పుడు. అబద్ధం నిజానికి ఒకటీ పాయింట్ ఏడు దూరం. నా నిజాయితీ రెండున్నర దూరం.

పెద్దాయనను మళ్ళీ అడుగుదాం, దుకాణంలో ఏదైనా పని ఉందేమో అన్నాను. వద్దన్నాడు. వీసా రద్దయింది, పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. "నల్లాలు లెక్కపెట్టేటందుకు వచ్చిన్నా? అది నీ పని. తప్పులు చేసుడు గూడ నీ పనే ఉండనియ్యి." అని, కాసేపటికి, "గా కాగితం ఉందా?" అన్నాడు.

పాత కాగితం పెద్దాయన దగ్గర ఉండిపోయింది. భాయ్ పటాల పుస్తకం నా చేతికిచ్చి, చివరి ఖాళీ పేజీలో మళ్ళీ మొత్తం వేయమన్నాడు. అంకె ఒక్కటే కాదు. నాలుగు మజిలీలూ, లీటర్లూ, గుణకారం, భాగారం, అన్నీ. కింద నా సంతకం పెట్టమన్నాడు. పెట్టాక ఆ పేజీ చింపి మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. "ఊళ్ళె అడుగుతరు. ఏం బండి నడిపినవ్‌రా అంటరు. చూపెట్టాలె గద."

విమానం పొద్దున. జింజ్ నుంచి పికప్‌లో వెళ్ళాం. ముహర్రక్ వంతెన ఎక్కేటప్పుడు అతను మీటరు చూశాడు. నేను చూడలేదు. ఎయిర్‌పోర్టు ముందు ఆగాక, "ఎనిమిది," అన్నాడు, చెప్పాల్సిన బాధ్యత ఉన్నట్టు.

లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. అద్దం ఇవతల నిలబడ్డాను. పాస్‌పోర్టు చూసే పోలీసు దాన్ని తెరిచినప్పుడు మడత కాగితం బల్ల మీద పడింది. విప్పి చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, ఏదో అడిగాడు. భాయ్ రెండు చేతులతో స్టీరింగు తిప్పినట్టు చూపించి ఏదో చెప్పాడు. పోలీసు నవ్వి కాగితం ఇచ్చేశాడు.

అప్పుడు అతను వెనక్కి తిరిగి నన్ను వెతికాడు. కనబడగానే చెయ్యెత్తాడు. ఒక చేతివి అయిదు వేళ్ళు, రెండో చేతిది ఒకటి. ఆరు.

నేను తల అడ్డంగా ఊపాను. ఆరు కాదు, ఆరూ పాయింట్ ఏడు. అద్దం అవతలికి ఆ పాయింట్ ఏడును వేళ్ళతో ఎలా చూపించాలో తెలియక, చెయ్యి సగం ఎత్తి అలాగే నిలబడ్డాను.